పెర్ల్ భాష – దాని పరివారము

కంప్యూటరు చేత పని చేయించుకొనుటకు మనుష్యులు కల్పించుకొన్న భాషలు వందల సంఖ్యలో ఉన్నవి. వాటిలో కొన్నిటిని స్క్రిప్టు భాషలు అంటారు. స్క్రిప్టు అన్న మాట రేడియోవారికి కొత్తది కాదు. ప్రసంగమైనా, నాటికయైనా స్టూడియోలోనికి వ్రాతప్రతిగా వచ్చినదానినే మేము స్క్రిప్టు అంటాము. ఎదుట మైకు ఉంటుంది, చేతిలో ప్రతి ఉంటుంది, చదువుకొనిపోవుటే తరువాయి. కంప్యూటరు విషయములోనూ ఇంచుమించు ఇంతే. కొన్ని భాషలలో వ్రాసినదానిని ముందుగా యంత్రము యొక్క సొంత భాషలోనికి మార్చి, ఆ మార్చిన ప్రతిని భద్రపరచి, అవసరమైనప్పుడెల్లా దానినే నడిపిస్తారు. అది ముందే అనువాదము చేయించి అచ్చు వేసిన పుస్తకము వంటిది. స్క్రిప్టు భాషలో మనము వ్రాసినది వ్రాసినట్లే ఉంటుంది. నడపవలసిన వేళకు ఒక దుబాషీ వచ్చి, దానిని ఆసాంతము చదివి, వ్యాకరణ దోషములున్నవేమో చూచి, అప్పటికప్పుడు యంత్రమునకు తెలియజెప్పి పని చేయిస్తాడు. ఒక అక్షరము మార్చితే ఆ మార్పు మరుసారి నడిపినప్పుడే కనబడుతుంది. ఈ సౌలభ్యము కొరకు కొంత వేగమును వదులుకొనవలసివస్తుంది. కాని వెయ్యి ఉత్తరములలో నుండి తేదీలు ఏరుట, రెండు జాబితాలను సరిపోల్చి తేడాలు చూపుట వంటి పనులలో ఆ నష్టమును ఎవరూ లెక్కచేయరు.

ఇట్టి భాషలలో పెర్ల్ ఒకటి. దాని వ్యాకరణము కంటె, దాని చుట్టూ చేరిన జనమును గురించి, వారు కూడబెట్టిన ఉమ్మడి సొత్తును గురించి ఇక్కడ ఎక్కువగా చెప్పదలచినాను. పెర్ల్ లోకమునకు ఇచ్చిన కానుకలలో భాష కంటె ఆ సొత్తే పెద్దదని నా అభిప్రాయము.

లారీ వాల్ అనే అమెరికా దేశస్థుడు 1987 డిసెంబరు 18వ తేదీన ఈ భాషను మొదటిసారి విడుదల చేసినాడు. ఆయన చదివినది భాషాశాస్త్రము. ఆఫ్రికాలో లిపి లేని భాషను ఒకదానిని వెదకి దానికి లిపి కల్పించవలెనని ఆయనా, ఆయన భార్యా ఒకప్పుడు సంకల్పించుకొన్నారు. ఆరోగ్య కారణముల వలన ఆ ప్రయాణము సాగలేదు. తరువాత ఉద్యోగములో ఉండగా అనేక దస్త్రములలో చెదరియున్న సమాచారమును ఏరి నివేదికలు తయారుచేయవలసివచ్చినది. చేతిలో ఉన్న పనిముట్లు ఆ పనికి చాలలేదు. చాలనందున తానే ఒక భాషను తయారుచేసికొన్నాడు. ముత్యమునకు ఇంగ్లీషులో ఉన్న పేరునే దానికి పెట్టదలచినాడు గాని, ఆ పేరుతో అప్పటికే మరొక భాష ఉన్నదని తెలిసి వర్ణక్రమములో ఒక అక్షరమును తీసివేసినాడు. భాషను వెలకట్టి అమ్మలేదు. యూజ్‌నెట్ అనే కంప్యూటరు వార్తావ్యవస్థ ద్వారా అడిగినవారికీ అడగనివారికీ ఉచితముగా పంపినాడు.

భాషాశాస్త్రజ్ఞుడు కల్పించిన భాష గనుక ఇందులో మనుష్యుల మాటతీరు కొంత కనబడుతుంది. మన ఇండ్లలో “తిన్నావా?” అని అడిగితే “తిన్నాను” అని జవాబు వస్తుంది. తిన్నది ఎవరో, తిన్నది ఏమో ఇద్దరిలో ఎవరూ చెప్పరు, సందర్భమే చెబుతుంది. తెలుగువారికి ఇది సహజము. కంప్యూటరు భాషలు చాలావరకు దీనిని ఒప్పుకొనవు, కర్తను కర్మను ప్రతిసారి పేరు పెట్టి పిలువమంటవి. పెర్ల్ మాత్రము, ప్రస్తుతము చేతిలో ఉన్న వస్తువేదో స్పష్టముగా ఉన్నచోట దానిని చెప్పకున్నా ఊహించుకొంటుంది. అట్లే, ఒక జాబితా పేరు చెప్పితే, “ఎందరు?” అన్న సందర్భములో సంఖ్యను, “ఎవరెవరు?” అన్న సందర్భములో వ్యక్తులను ఇస్తుంది. ఒక పనిని అనేక మార్గములలో చేయవచ్చునన్నది ఈ భాషవారి సిద్ధాంతము. దీనిలోని ప్రమాదము కూడ చెప్పవలెను. క్లుప్తత మీద మోజు పడ్డవారు వ్రాసిన పెర్ల్, ఆరు నెలల తరువాత వ్రాసినవారికే అవధానములో ఇచ్చిన సమస్య వలె కనబడుతుంది. ప్రతికక్షులు ఈ భాషను ఎగతాళి చేయుటకు ఇదే ముఖ్యకారణము. ఆ ఎగతాళిలో నిజము లేకపోలేదు.

ఈ చిన్న భాష ఎంత పెద్ద పనికి ఉపకరించినదో ఒక ఉదాహరణ చాలును. మానవుని జన్యుపదార్థమును సంపూర్ణముగా చదువుటకు 1990 ప్రాంతమున పెద్ద ప్రణాళిక ఒకటి మొదలైనది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సమీపమున ఒక ప్రయోగశాల, అమెరికాలోని సెయింట్ లూయీలో మరొకటి అందులో ముఖ్యమైనవి. ఇద్దరూ చేసేది ఒకే పని. కాని ఒకరు వ్రాసిపెట్టుకొన్న లెక్కల పద్ధతి వేరు, మరొకరిది వేరు. ఒకరి ఫలితములను మరొకరి యంత్రము చదువలేదు. నడుమ నిలిచి ఒక పద్ధతిని మరొక పద్ధతిలోనికి మార్చిపెట్టినవి చిన్నచిన్న పెర్ల్ స్క్రిప్టులే. ఆ కథను లింకన్ స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు 1996లో పెర్ల్ జర్నల్ అనే పత్రికకు వ్రాసినాడు. పెర్ల్ ఆ ప్రణాళికను రక్షించినదని అర్థము వచ్చే శీర్షిక పెట్టినాడు. శీర్షికలో కొంత అతిశయోక్తి ఉన్నది, విషయములో లేదు.

ఇక ఉమ్మడి సొత్తు మాట. 1990 తరువాత పెర్ల్ వ్రాసేవారి సంఖ్య పెరిగినకొలదీ ఒక చిక్కు వచ్చినది. తేదీలు లెక్కకట్టే పద్ధతి ఒకరు వ్రాసియుంటారు, ఉత్తరములు పంపే పద్ధతి మరొకరు వ్రాసియుంటారు. ఎవరి వ్రాత ఎక్కడ ఉన్నదో తెలియక పదిమంది అదే పనిని పదిసార్లు చేయుచుండిరి. ఇట్లు చెదరియున్నవాటిని ఒక చోట చేర్చవలెనని 1993 నుండి కొందరు ఉత్తరప్రత్యుత్తరములు జరిపినారు. ఫలితముగా 1995 అక్టోబరులో ‘సీపాన్’ అనే భాండారము ప్రజలకు తెరవబడినది. యార్కో హియెతానియెమి అనే ఫిన్లండు దేశీయుడు దీనికి ముఖ్యుడు. మూలప్రతి ఫిన్లండులోని విశ్వవిద్యాలయముల కంప్యూటరు వ్యవస్థలో ఉంచినారు. రచయితలు తమ వ్రాతలను దాఖలు చేసే ‘పాజ్’ అనే ద్వారమును జర్మనీ నుండి ఆండ్రెయాస్ కోనిగ్ నిర్మించినాడు. టెక్ అనే అచ్చుకూర్పు పద్ధతివారికి అంతకుముందే ఇట్టి భాండారము ఉన్నది. దానిని చూచియే వీరు నేర్చినారు. గణాంకశాస్త్రమునకు వాడే ఆర్ భాషవారు 1997లో వీరిని చూచి నేర్చినారు.

రేడియో కేంద్రములోని రికార్డుల గ్రంథాలయమును తలచుకొంటే సీపాన్ స్వరూపము సులభముగా బోధపడుతుంది. ప్రతి రికార్డుకు ఒక సంఖ్య, ఒక పట్టికలో దాని వివరము, తీసికొనుటకు ఒక పద్ధతి. అక్కడ రికార్డు ఎట్లో ఇక్కడ ‘మాడ్యూలు’ అట్లు. ఒక పని చేయగల స్క్రిప్టు భాగము, దానిని ఎట్లు వాడవలెనో చెప్పే వివరణ, అది సరిగా పనిచేస్తున్నదో లేదో తేల్చే పరీక్షలు – ఈ మూడూ ఒక మూటగా కట్టి ఉంటవి. నేడు ఈ భాండారములో రెండు లక్షలకు పైగా మాడ్యూళ్ళు ఉన్నవి. ఇచ్చినవారు పదునాలుగు వేలమందికి పైబడినారు. లోకములో అనేక చోట్ల దీనికి నకలు భాండారములను విశ్వవిద్యాలయములవారు, ఇతరులు తమ ఖర్చు మీద నిలిపినారు.

టిమ్ బన్స్ వ్రాసిన డీబీఐ అనే మాడ్యూలును చూడండి. జమాఖర్చులు, పేర్ల పట్టికలు మొదలైనవాటిని భద్రపరచే డేటాబేసులు అనేక కంపెనీలవి ఉన్నవి. ఒకదానితో మాట్లాడే తీరు మరొకదానికి పనికిరాదు. డీబీఐ వచ్చిన తరువాత స్క్రిప్టు వ్రాసేవాడు ఒకే తీరున మాట్లాడితే చాలును. ఏ డేటాబేసుకు తగిన చిన్న మాడ్యూలు ఆ డేటాబేసుకు అమర్చుకోవచ్చును. గోడలోని ప్లగ్గు ఏ దేశపుదైనా దానికి తగిన అడాప్టరు తగిలించి అదే రేడియోను వాడుకొన్నట్లు.

ఒక మాడ్యూలును తెప్పించుకొన్నప్పుడు జరిగే పని నాకు ఎప్పుడూ ఆసక్తికరముగా తోస్తుంది. మనము పేరు చెప్పగానే అది వస్తుంది. దానికి మరి నాలుగు మాడ్యూళ్ళ సహాయము కావలసియుంటే అవీ వెంట వస్తవి. వచ్చినది వచ్చినట్లు స్థాపించుట ఉండదు. మూటలోని పరీక్షలన్నిటినీ మన యంత్రము మీదనే నడిపి, అన్నీ నెగ్గితేనే స్థాపన జరుగుతుంది. ఒకటి తప్పినా పని ఆగిపోయి, తప్పినది ఏదో తెలుపబడుతుంది.

దీనికి తోడు 1998లో గ్రహమ్ బార్, క్రిస్ నాండర్ అనే ఇద్దరు మరొక ఏర్పాటు ప్రారంభించినారు. రచయిత దగ్గర ఉండేది ఒకటో రెండో కంప్యూటర్లు. వాడేవారి దగ్గర వంద రకములు. కొన్ని కొత్తవి, కొన్ని పదేండ్ల నాటివి. రచయిత యంత్రములో నడిచినది మరొకరి యంత్రములో నడుస్తుందని హామీ ఏమున్నది? అందుచేత కొందరు స్వచ్ఛందముగా తమ కంప్యూటర్లను ఈ పనికి వదలినారు. సీపాన్‌లోనికి కొత్త మాడ్యూలు వచ్చిన కొలది సేపటిలో ఆ కంప్యూటర్లు దానిని తెప్పించుకొని, పరీక్షలు నడిపి, ఫలితమును లిఖించి పంపుతవి. హైదరాబాదులో రాత్రి భోజనమునకు ముందు ఒక మాడ్యూలు దాఖలు చేసినవాడు, తెల్లవారి లేచేసరికి తాను కళ్ళతో చూడని యంత్రములు ఇచ్చిన తీర్పులు తన ఎదుట ఉండుటను చూడవచ్చును. ఇంతవరకు ఇట్టి నివేదికలు కోట్ల సంఖ్యలో చేరినవి. పంపినవారికి జీతము లేదు.

ఇట్టి భాండారము ఎంత సున్నితమైనదో 2016 మార్చిలో మరొక భాషవారికి తెలిసివచ్చినది. జావాస్క్రిప్టు భాషకు ఎన్‌పీఎమ్ అనే భాండారమున్నది. అందులో ఒక రచయిత, వేరొక మాడ్యూలు పేరు విషయమై వచ్చిన తగాదా వలన కోపించి, తన వ్రాతలన్నిటినీ ఒక్కసారిగా ఉపసంహరించుకొన్నాడు. వాటిలో ఒకటి పదకొండు పంక్తులది. ఒక మాటకు ఎడమవైపున కావలసినన్ని ఖాళీలు చేర్చుట దాని పని. అంతకంటె ఏమీ లేదు. కాని దాని మీద ఆధారపడినవాటి మీద ఆధారపడినవి వేలాది ఉన్నవి. కొన్ని గంటల పాటు లోకములో పెద్దపెద్ద సంస్థల పనులు సైతము నిలిచిపోయినవి. చివరకు భాండారమువారే దానిని తిరిగి నిలబెట్టవలసివచ్చినది. పెర్ల్‌వారు ఈ విషయములో ముందు చూపు కలవారు. రచయిత సీపాన్ నుండి తన వ్రాతను తీసివేయవచ్చును గాని, ‘బ్యాక్‌పాన్’ అనే వెనుకటి భాండారములో పాత ప్రతులు నిలిచే ఉంటవి. టేపులు చాలక పాత ధ్వనిముద్రణలను చెరిపి వాటి మీదనే కొత్తవి ముద్రించిన రోజులు లోకములోని చాలా ప్రసారసంస్థలు చూచినవి. ఇప్పుడు ఆ గొంతుకల కొరకు వెదకేవారికి బ్యాక్‌పాన్ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పరివారము అన్నాను గనుక మనుష్యులు ఎట్లు కలిసికొంటారో కూడ చెప్పవలెను. 1997లో బ్రయన్ డి ఫోయ్ అనే ఆయన న్యూయార్కులో ఒక సంఘము ప్రారంభించినాడు. ‘పెర్ల్ మాంగర్స్’ అని దాని పేరు. పెర్ల్ వర్తకులు అని అర్థము. ముత్యముల వర్తకులంటే మన హైదరాబాదువారికి చార్మినారు దగ్గరి పత్తర్‌గట్టీ గుర్తుకు వస్తుంది గాని, వీరు అమ్మేది ఏమీ లేదు. అదే పేరుతో తరువాత అనేక దేశముల నగరములలో సంఘములు ఏర్పడినవి. నెలకొకసారి కలిసికొని ఒకరు మాట్లాడుట, మిగిలినవారు ప్రశ్నలు వేయుట వారి పద్ధతి. 1999లో పిట్స్‌బర్గ్ నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో కెవిన్ లెంజో ఒక మహాసభ నడిపినాడు. అప్పటి కంప్యూటరు సభల రుసుములు విద్యార్థులు ఇచ్చుకొనలేనివి. ఈ సభను చవకగా నడపవలెనన్నదే ఆయన పట్టుదల. వార్తల కొరకు గాబోర్ సాబో 2011లో ప్రారంభించిన పెర్ల్ వీక్లీ అనే వారపత్రిక ఉన్నది. కొత్త మాడ్యూళ్ళు, సభల తేదీలు, మంచి వ్యాసముల జాడలు అందులో ఉంటవి. 2000 సంవత్సరమున మార్క్ ఫౌలర్ ఆరంభించిన డిసెంబరు వ్యాసపరంపర మరొకటి. క్రిస్మసుకు ముందు రోజుకొక కిటికీ తెరిచే పాశ్చాత్యుల పంచాంగము వలె, రోజుకొక మాడ్యూలును గురించి ఒక వ్యాసము వస్తుంది. ధనుర్మాసమున రోజుకొక పాశురము వినే అలవాటున్న మన శ్రోతలకు ఈ ఏర్పాటు వింతగా తోచదు.

ఇంత సంపద ఉన్నా, ఈ భాష ప్రభ మునుపటివలె లేదని ఒప్పుకొనవలెను. 2000 సంవత్సరమున లారీ వాల్, ఆయన సహచరులు భాషను మొదటినుండి తిరిగి నిర్మిస్తామని, దానిని ఆరవ పెర్ల్ అంటామని ప్రకటించినారు. అది పూర్తియగునప్పటికి 2015 డిసెంబరు వచ్చినది. పదునైదు సంవత్సరములు! ఆ కాలములో కొత్తగా నేర్చుకొనేవారు, “ఐదవది నేర్చుకొంటే రేపు ఆరవది వచ్చి అది చెల్లదేమో” అని సంశయించి పైథాన్ వంటి భాషల వైపు మళ్ళినారు. తీరా వచ్చిన ఆరవది మరొక భాషయే అని తేలి, 2019లో దానికి ‘రాకూ’ అని వేరు పేరు పెట్టినారు. ఐదవ పెర్ల్ తన దారిని తాను నడుస్తూనే ఉన్నది. 2020 జూనులో ఏడవ పెర్ల్ వస్తుందని మరల ఒక ప్రకటన వెలువడినది. పాత స్క్రిప్టులు కొన్ని అందులో నడవవన్న భయముతో పెద్ద వాదోపవాదములు జరిగినవి. ఆ సంవత్సరము డిసెంబరులో ముగ్గురు సభ్యుల సంచాలక మండలి ఏర్పడి, ఏడవదానిని పక్కన పెట్టి, పాత వరుసలోనే ఏటేటా కొత్త ప్రతులు విడుదల చేసే మార్గమును అవలంబించినది. నా మట్టుకు ఇదే సబబు అనిపిస్తుంది. ఇరువది ఐదేండ్ల క్రిందట వ్రాసిన స్క్రిప్టు ఈనాడు కూడ చాలావరకు మార్పు లేకుండా నడుచుట ఈ భాషకున్న గొప్ప పరపతి. దానిని చేజేతులా పోగొట్టుకొనరాదు.

పరపతి అన్న మాట వచ్చినది గనుక మరొక సంగతి. 2021 జనవరి చివరలో, ఈ భాష పేరుతోనే ఎన్నో ఏండ్లుగా ఇంటర్నెట్టులో ఉన్న ముఖ్యమైన చిరునామా ఒకటి దొంగిలించబడినది. చిరునామా దొంగిలించుట ఏమని అడుగవచ్చును. చిరునామాలను నమోదు చేసే దస్త్రములలో యజమాని పేరు మోసముతో మార్చబడినది. పాత వాడుకరులలో కొందరి కంప్యూటర్లు మాడ్యూళ్ళను ఆ పేరు మీదనే తెప్పించుకొనేవి. ఆ చిరునామా చేతబట్టినవాడు తలచుకొంటే, మంచి మాడ్యూలుకు బదులు విషము కలిపినది పంపవచ్చును. స్వచ్ఛంద సేవకులు వెంటనే హెచ్చరికలు పంపి, మరొక చోట నుండి పని నడిపి, ఫిబ్రవరి మొదటి దినములలోనే చిరునామాను తిరిగి సంపాదించినారు. అనర్థము తప్పినది. కాని ఉచితముగా దొరికే వస్తువునకు కావలి కాచుట కూడ ఒక ఖర్చే అన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసినది.

కావలి కాసేవారు మనుష్యులు గదా. వారికి వయస్సు వస్తుంది, ఉద్యోగములు మారుతవి, కొందరు గతిస్తారు కూడ. ఒకరు వ్రాసిన మాడ్యూలు మీద బ్యాంకులు, ఆసుపత్రులు ఆధారపడియుండగా వ్రాసినవారు లేకపోతే ఏమి గతి? పాజ్‌లో దీనికి ఒక మానవీయమైన ఏర్పాటున్నది. ‘నన్ను దత్తత తీసికొనుడు’ అని అర్థము వచ్చే పేరుతో ఒక ఖాతా ఉంచినారు. దిక్కు లేని మాడ్యూళ్ళు దాని క్రిందికి చేరుతవి. శక్తి కలవారు ముందుకు వచ్చి బాధ్యత స్వీకరించవచ్చును. రచయిత బ్రతికియుండి తీరిక లేనివాడైతే, సహాయము కావలెనని తెలుపుటకు మరొక ఖాతా. రచయితకు వ్రాసి, తగిన గడువు ఇచ్చి, జవాబు రాకపోతేనే నిర్వాహకులు హక్కు మార్చుతారు. దత్తత కొరకు వేచియున్నవి మాత్రము ఎప్పుడూ తక్కువగా లేవు. ఈ భాష భవిష్యత్తును గురించి నాకు నిజమైన బెంగ ఏదైనా ఉన్నదంటే అది ఇక్కడనే.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన పని ఒకటి కలదు. 2002లో వచ్చిన 5.8 ప్రతి నుండి పెర్ల్ యూనికోడు అక్షరములను చక్కగా గ్రహిస్తున్నది. తెలుగు లిపి అందులోనిదే. కాని తెలుగులో అక్షరమంటే ఏమి? ‘స్త్రీ’ అన్నది మనకు ఒక్క అక్షరము. యూనికోడు లెక్కలో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈత్వము – మొత్తము ఆరు గుర్తులు. దాచునప్పుడు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు, వెరసి పదునెనిమిది. స్క్రిప్టు వ్రాసినవాడు జాగ్రత్తపడకపోతే, ఈ మాట పొడవెంత అని అడిగినప్పుడు కంప్యూటరు పదునెనిమిది అంటుంది. జాగ్రత్తపడితే ఆరు అంటుంది. ఒకటి అని మాత్రము అనదు.

తెనాలి రామకృష్ణుని బిరుదు ‘వికటకవి’ ఎటు చదివినా ఒకటే అని మన పిల్లలందరికీ తెలియును. కంప్యూటరు చేత గుర్తు గుర్తుగా తిప్పించితే, చివరి గుడి మొదటికి వచ్చి, పట్టుకొనుటకు హల్లు లేక గాలిలో వ్రేలాడుతుంది. మాట మాటగా ఉండదు. హల్లును, దాని గుణింతపు గుర్తును కలిపి ఒకటిగా పట్టుకొనే సాధనము పెర్ల్‌లో ఉన్నది; దానితో తిప్పితే వికటకవి వికటకవిగానే వస్తాడు. కాని యూనికోడువారి సూత్రముల ప్రకారము 2023 వరకు ‘స్త్రీ’ అన్నది మూడు ముక్కలుగా విడేది. ఆ సంవత్సరము వచ్చిన 15.1 ప్రతిలో తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒరియా, మలయాళ లిపుల సంయుక్తాక్షరములు ఒక్కటిగా నిలిచే నియమము చేర్చినారు. ఇట్టి మార్పులు వాటంతట అవి రావు. అకారాది క్రమము, ఛందస్సులో గణవిభజన, నిఘంటువుల సవరణ – వీటికి తెలుగు ఎరిగినవారే మాడ్యూళ్ళు వ్రాయవలెను.

ఇంట్లో కంప్యూటరు ఉన్న విద్యార్థి మొదలుపెట్టుటకు పెద్ద ఖర్చు లేదు. లినక్సుతో నడిచే యంత్రములలో చాలావాటిలో పెర్ల్ ముందే ఉంటుంది. విండోస్ వారికి ‘స్ట్రాబెరీ పెర్ల్’ అనే ఉచిత ప్రతి ఉన్నది. భాషతో పాటు దాని వివరణ గ్రంథము కూడ యంత్రములోనికి వస్తుంది. ఇంటర్నెట్టు లేని ఊరిలోనైనా చదువుకోవచ్చును. అచ్చు పుస్తకములలో లారీ వాల్ పేరుతో 1991లో మొదట వెలువడినదానికి అట్ట మీద ఒంటె బొమ్మ ఉన్నందున ఒంటె పుస్తకమని పేరు వచ్చినది. ప్రారంభకులకు అది బరువు. లామా అనే జంతువు బొమ్మ ఉన్న ‘లెర్నింగ్ పెర్ల్’ ముందు చదువుట మేలు. క్రొమాటిక్ అనే కలము పేరుగల రచయిత వ్రాసిన ‘మాడర్న్ పెర్ల్’ కంప్యూటరులో చదువుకొనుటకు ఉచితముగా దొరుకుతుంది. రెండు మూడు నెలలు అభ్యాసము చేసిన తరువాత ఎవరైనా పాజ్‌లో ఖాతా కొరకు దరఖాస్తు పెట్టుకోవచ్చును. రుసుము లేదు. తానేమి వ్రాయదలచినదీ రెండు వాక్యములలో తెలిపితే చాలును. నిర్వాహకులు తమ తీరిక వేళలలో వాటిని చదివి ఖాతాలు ఇస్తారు గనుక, జవాబు రావడము ఒక దినము ఆలస్యమైతే కంగారు పడనవసరము లేదు.